గమ్యం లేని మలుపులు

గడ్డానికి సగం నురగ ఉండగానే మాస్టారు సెలూన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అయ్యో, ఇంకా ఓ పక్క అలాగే ఉందండీ!" అన్నాడు సెలూన్ అతను, కత్తి గాల్లోనే పట్టుకుని.

అది ఆయన రోజూ వెళ్ళే సెలూన్ కాదు. పాత సెలూన్‌లో ఈ మధ్య ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే మాటలన్నీ టక్కున ఆగిపోతున్నాయి. ఎవరో ఒకరు లేచి టీవీ నోరు నొక్కేస్తున్నారు. ఆ జాలి భరించలేక, తనెవరో తెలియని చోటుకి పోదామని నాలుగు వీధులు దాటి ఇక్కడికి వచ్చారు. తీరా వస్తే ఇక్కడ ఎవరూ నోరు మూయడం లేదు. ఆయనకు అదీ భరించరానిదే అయింది.

విమానం మాయమై రెండు నెలలు దాటింది. ఒక రెక్క ముక్క లేదు, ఒక సీటు దిండు లేదు, నీళ్ళ మీద నూనె మరకైనా లేదు. దొరకనివి అవి. దొరుకుతున్నవి మాత్రం సిద్ధాంతాలు, అవి ఎన్ని కావాలంటే అన్ని! టీవీలో కోటు వేసుకున్న ప్రతివాడి దగ్గరా ఒకటుంది. సెలూన్ బెంచీ మీద కూర్చున్న వాళ్ళ దగ్గర తలా రెండున్నాయి.

"గాల్లోనే పేలిపోయుంటుంది" అన్నాడు పేపరు చదివే పెద్దమనిషి.

"పేలితే ముక్కలు తేలవా? ఎవరో ఎత్తుకెళ్ళి ఏ ఎడారిలోనో దాచేశారు."

"దాచడానికి అదేమన్నా చెప్పుల జతా? లోపల గాలి తగ్గిపోయి అందరూ నిద్రలోకి జారుకున్నారు, విమానం దాని మానాన అది పోయింది. ఇంధనం అయిపోయేదాకా పోయి ఎక్కడో పడింది."

ఇంతవరకూ మాస్టారు కళ్ళు మూసుకుని ఓర్చుకున్నారు. అప్పుడు బెంచీ చివర కూర్చున్న లావుపాటి మనిషి, అప్పటిదాకా చెవిలో పుల్ల పెట్టి తిప్పుకుంటున్నవాడు, తీర్పు చెప్పినట్టు చెప్పాడు. "అవేవీ కావండీ. ఆ కెప్టెనమ్మే తీసుకెళ్ళి సముద్రంలో ముంచేసింది. మొగుడితో గొడవట. తను పోయేదేదో ఒక్కతీ పోకుండా అంతమందినీ పట్టుకుపోయింది మహాతల్లి."

ఆ కెప్టెనమ్మ మాస్టారి కూతురు. ఒక్కగానొక్క కూతురు.

మాస్టారు మెడకు కట్టిన గుడ్డ లాగి కుర్చీ మీద పడేశారు. "బాబూ, నువ్వెప్పుడైనా సైకిలు తొక్కావా?"

"తొక్కానండీ" అన్నాడు లావుపాటి మనిషి, బిత్తరపోయి.

"అదైనా సరిగ్గా తొక్కి ఉంటావని నాకు నమ్మకం లేదు. ఆ అమ్మాయికి విమానం నడపడం నేర్పింది నేను. కన్నదీ నేనే."

మాస్టారు అలాగే, ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో, బజారు మధ్యలోంచి నడుచుకుంటూ ఇంటికి వచ్చేశారు. దారిలో జనం చూశారు. చూస్తే చూడనీ! రెండు నెలలుగా చూస్తూనే ఉన్నారు కదా.

తలుపు తీసిన భార్య ఆ ముఖం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆవిడకే తెలియలేదు. "ఇదేం వేషమండీ! అల్లుడు వచ్చి కూర్చున్నాడు."

అల్లుడు పళ్ళ డాక్టరు. నెమ్మదస్తుడు, నలిగిన చొక్కా ఎరగని మనిషి. ఇప్పుడు ఆ చొక్కా ఇస్త్రీ చూసి ఎన్నాళ్ళయిందో. మామగారిని చూడగానే ఏమీ అడక్కుండా లేచి, స్నానాల గదిలోంచి రేజరూ గిన్నెలో వేడినీళ్ళూ తెచ్చి, "కూర్చోండి మామయ్యా" అన్నాడు. చేతికి పని దొరికితే చాలన్నట్టుంది అతని వాలకం.

కిటికీ దగ్గర కుర్చీ వేసి గడ్డం పైకెత్తించాడు. రోజూ పరాయివాళ్ళ నోళ్ళలో చెయ్యి పెట్టే మనిషి కదా, చెయ్యి ఏమాత్రం వణకలేదు.

"ఫోన్ చేశారు మామయ్యా. విచారణ సంఘం వాళ్ళు. రేపు ఆఖరి సమావేశం. మనల్ని రమ్మన్నారు."

"ఊఁ."

"మిగతా సిద్ధాంతాలన్నీ కొట్టేశారట. బాంబు కాదట, హైజాక్ కాదట, గాలి తగ్గడం కాదట. ఒక్కటే మిగిలింది. రేపు మన చెవిన వేసి, ఎల్లుండి సంతకాలు పెడతారు. వెతికే ఓడని కూడా వెనక్కి పిలిచేస్తారు."

కత్తి మెడ మీద ఉంటే మాస్టారు ఎలా మాట్లాడతారు?

"ఆ రోజు పొద్దున్న మేం గొడవ పడ్డాం" అన్నాడు అల్లుడు. "వాళ్ళకి తెలిసింది. పై వాటా వాళ్ళు చెప్పారు. గొడవంటే ఏం గొడవ మామయ్యా, గీజరు స్విచ్ ఆపలేదని నేను విసుక్కున్నాను, నువ్వు ఇంట్లో ఉంటే కదా తెలిసేది అని తను అంది. బ్యాగు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది. లిఫ్ట్ దాకా కూడా వెళ్ళలేదు నేను." రేజరు ఆగిపోయింది. సరిగ్గా గొంతు మీద. "ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. విమానాల గురించి మనందరిలోకీ మీకే తెలుసు. తనే చేసిందంటారా?"

మాస్టారి చూపు పైకప్పు మీద ఉంది. ఆ ప్రశ్న ఇంట్లో ఎవరూ ఇంతవరకూ పైకి అనలేదు. మనసులో అనుకోనివాళ్ళు మాత్రం ఎవరు? అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా ఆయన కూడా అనుకున్నారు. అనుకుని, తనను తనే అసహ్యించుకున్నారు. తనకో సిద్ధాంతం ఉంది, లేకపోలేదు. ముందు భాగంలో, రేడియో పెట్టెలుండే అరలో, నిప్పు అంటుకుని ఉంటుంది. కానీ సంఘం వాళ్ళు దానికి ఒకే ప్రశ్న వేశారు. నిప్పంటుకుని అక్కడే పడిపోతే ముక్కలేవి, పడకుండా ఎగిరితే ఏ ఊళ్ళోనూ ఎందుకు దిగలేదు? దానికి ఆయన దగ్గర జవాబు లేదు.

"తియ్యి ముందు ఆ కత్తి" అన్నారు. తీశాక, అల్లుడి మణికట్టు పట్టుకుని, "చెయ్యలేదురా" అన్నారు. "రుజువేమిటని అడక్కు. నా దగ్గర లేదు."

వంటగది గుమ్మంలో నిలబడి వింటున్న భార్య లోపలికి తిరిగిపోయింది. కూతురి పేరు మీద ఆ ముద్ర పడిపోతే ఇక ఆ ఇంట్లో ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేరని ముగ్గురికీ తెలుసు.

మర్నాడు సమావేశం ప్రభుత్వ భవనంలో ఐదో అంతస్తు గదిలో జరిగింది. పొడుగాటి బల్ల, దాని మీద నీళ్ళ సీసాలు, గోడకు తెర. అధ్యక్షురాలు నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకున్న మనిషి, మాటకు ముందు కళ్ళద్దాలు సర్దుకునే అలవాటు. చెడ్డదేం కాదు. చెడ్డదైతే మాస్టారికి సుఖంగా ఉండేది, నాలుగు తిట్లు తిట్టి బయటికొచ్చేసేవారు.

"కుటుంబం ముందు ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది" అందామె. "మీరు టీవీలో వినకూడదని పిలిచాం. ఇప్పటిదాకా మా దగ్గర లేని ఆధారం ఒకటి పోయిన వారం వచ్చింది. తీర రక్షక దళం రాడార్‌లో ఒక గుర్తు తెలియని విమానం కనబడింది. సమయమూ చోటూ సరిపోయాయి. అది మన విమానమే."

అల్లుడు మాస్టారి మోచెయ్యి పట్టుకున్నాడు. రాడార్ అధికారి లేచాడు. కుర్రవాడు, యూనిఫాం కాలరు మెడను కోసేస్తున్నట్టు సర్దుకుంటూ నిలబడ్డాడు. తెర మీద నల్లటి నేపథ్యంలో చిన్న పచ్చ చుక్క వెలిగింది.

అదే ఆమె. ఆ చుక్క లోపల, కెప్టెన్ కూర్చునే ఎడమ సీట్లో ఉన్నది ఆమె. రెండు నెలల తర్వాత కూతుర్ని చూడడం అంటే ఇదీ.

"మామూలు దారి వదిలేసి తీరం వైపు వచ్చింది" అన్నాడు అధికారి. "ఆ రోజు తీరమంతా దట్టమైన మబ్బు. విమానం మబ్బుకి పైనే ఉంది, దిగడానికి ప్రయత్నం చెయ్యలేదు. రేడియోలో ఒక్క మాట లేదు. ఇదిగో ఇక్కడ ఎడమవైపు తిరిగింది. కాసేపు సూటిగా వెళ్ళింది. మళ్ళీ తిరిగింది. మళ్ళీ సూటిగా. మళ్ళీ తిరిగింది. ఆ తర్వాత మేం రాడార్‌ని నెలవారీ తనిఖీకి ఆపేశాం. తిరిగి పెట్టేసరికి రాత్రయింది, చుక్క లేదు."

అధ్యక్షురాలు అందుకుంది. "మేం దీన్ని గమ్యం లేని తిరుగుడుగా తీసుకున్నాం. ఎవరో కంట్రోల్స్ దగ్గర మెలకువగానే ఉన్నారు, కానీ ఏం చెయ్యాలో తేల్చుకోలేకపోతున్నారు. చివరికి తేల్చుకుని దక్షిణానికి, లోతు సముద్రంలోకి వెళ్ళిపోయారు. ఇంధనం నిండుగా ఉంది కాబట్టి చాలా దూరమే వెళ్ళి ఉండాలి. ఓడ అక్కడే వెతుకుతోంది. ఏమీ దొరకలేదు."

అల్లుడు తల దించేసుకున్నాడు. గీజరు స్విచ్ గురించే అతను ఆలోచిస్తున్నాడని మాస్టారికి తెలుసు.

కానీ మాస్టారు తల దించలేదు. తెరనే చూస్తున్నారు. ముందు అర్థం కాలేదు. తర్వాత కుర్చీ అంచుకు జరిగారు.

"బాబూ, అది మళ్ళీ వెయ్యి."

"సార్?"

"మళ్ళీ వెయ్యవయ్యా! మొదటి నుంచీ. చుక్క వెనకాల గీత పడేట్టు పెట్టు."

కుర్రవాడు అధ్యక్షురాలి వైపు చూశాడు. ఆమె తలూపింది. ఈసారి చుక్క వెనకాల పచ్చగీత సాగింది. ఎడమకి తిరిగింది, సూటిగా వెళ్ళింది. ఎడమకి తిరిగింది, అంతే దూరం వెళ్ళింది. ఎడమకి తిరిగి, బయల్దేరిన చోటికే చేరుకుంది.

"త్రికోణం" అన్నారు మాస్టారు. కుర్చీలోంచి ఎప్పుడు లేచారో ఆయనకే తెలియదు. తెర దగ్గరికి వెళ్ళి వేలితో గీత మీద చూపిస్తూ, "గమ్యం లేని తిరుగుడా ఇది? కళ్ళు పెట్టి చూడండమ్మా! మూడు వైపులూ సమానం. మూడుసార్లూ ఎడమకే. తేల్చుకోలేని మనిషి తిరిగితే ఇలాగే ఉంటుందా? ఇది కేక! నా రేడియో చచ్చిపోయింది, నా మాట మీకు వినబడదు, మీ మాట నాకు వినబడదు, కింద మబ్బు కప్పేసింది, ఎవరైనా వచ్చి నన్ను దించండి అని కేక! రాడార్ వాళ్ళకి అర్థం కావాలని గాల్లో త్రికోణం గీస్తారు. నేను నేర్చుకున్న రోజుల్లో ప్రతి పైలట్‌కీ వచ్చు, ప్రతి రాడార్ మనిషికీ తెలుసు. ముందు అరలో నిప్పంటుకుంది, రేడియోలు మాడిపోయాయి, విమానంలో దారి చూపే తెరలు ఆరిపోయాయి. ఆ స్థితిలో చావాలనుకునే మనిషి త్రికోణాలు గీస్తుందా? బతికించమని అడిగిందమ్మా నా కూతురు. అందరి తరఫునా అడిగింది!"

రాడార్ అధికారి ముఖం పాలిపోయింది. "మాకెవరూ ఇది చెప్పలేదు సార్" అన్నాడు. "శిక్షణలో లేదు. నేనేదో శిక్షణ విమానం చక్కర్లు కొడుతోందనుకున్నాను."

అల్లుడు బల్ల మీద తల పెట్టుకుని పెద్దగా ఏడ్చేశాడు. ఏడుస్తూనే లేచి వచ్చి మాస్టారిని వాటేసుకున్నాడు. "తను కాదు మామయ్యా, తను కాదు! మీరు నేర్పిన విద్యే తన పేరు నిలబెట్టింది!"

మాస్టారు అతని వీపు నిమిరారు. అంత సంతోషం ఆయనకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు. ఆ సంతోషం ఒక గుక్కెడు నీళ్ళు తాగేంతసేపు నిలిచింది.

ఎందుకంటే అధ్యక్షురాలు కళ్ళద్దాలు సర్దుకుంది. "మాస్టారూ, కూర్చోండి. నాకు ఇంకో సంగతి తెలియాలి. త్రికోణం గీశాక పైలట్ ఏం చెయ్యాలి?"

ఆ ప్రశ్నకు జవాబు ఆయనకు కొట్టినపిండి. ఎన్ని బ్యాచులకు చెప్పారో లెక్కలేదు. కానీ ఇప్పుడు ఆ జవాబు గొంతులో ఎముకలా అడ్డం పడింది.

భోజనాల బల్ల గుర్తొచ్చింది ఆయనకు. అప్పుడు కూతురు శిక్షణలో ఉంది. గ్లాసు కింద చేరిన తడిలో వేలు ముంచి బల్ల మీద త్రికోణం గీసి చూపించారు. ఆమె నవ్వింది. "నాన్నా, ఇది ఇప్పటి పుస్తకాల్లో లేదు" అంది. ఆయనకు ఒళ్ళు మండింది. ఆ పద్ధతి తీసేసినప్పుడు ఆఫీసులో బల్ల గుద్ది పోట్లాడిన మనిషి ఆయన. "పుస్తకంలో లేకపోతే ఆకాశంలో లేకుండా పోతుందా? నేను వెళ్ళలేదూ? వయసులో ఉండగా నా ఉద్యోగమే అది. త్రికోణం కనబడిందంటే చాలు, పరిగెత్తుకుంటూ వెళ్ళి విమానం ఎక్కేవాణ్ణి. దారి తప్పినవాడి పక్కకు పోయి, రెక్క ఊపి, నా వెనకాలే రారా అని మబ్బులోంచి దించి తెచ్చేవాణ్ణి. గుడ్డిగా మబ్బులోకి దిగావంటే కొండకు కొట్టుకుంటావు. గీస్తూ ఉండు. ఎవరో ఒకరు వస్తారు" అన్నారు. పద్ధతి తీసేశారని చెప్పారు. తీసేశారంటే ఇక ఎవరూ రారని మాత్రం చెప్పలేదు. అది ఒప్పుకుంటే తను ఓడిపోయినట్టు. అందుకని చెప్పలేదు.

"మాస్టారూ?"

అల్లుడు ఇంకా ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాడు. తడి కళ్ళతో, నవ్వు ముఖంతో చూస్తున్నాడు. తెలియదమ్మా అంటే సరిపోతుంది. కూతురి పేరు బాగుపడింది, చాలు. ముసలితనంలో మతిమరుపు వచ్చిందంటే ఎవరూ కాదనరు. ఓడ దక్షిణానే తిరిగి తిరిగి వెనక్కి వస్తుంది. పిల్ల ఎక్కడుందో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఆమె వెనకాల కూర్చున్న వాళ్ళందరూ కూడా అక్కడే ఉండిపోతారు, వాళ్ళ అమ్మలూ నాన్నలూ తలుపు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడుతూ బతుకుతారు.

"ఎదురుచూడాలి" అన్నారు మాస్టారు.

"ఎక్కడ?"

"అక్కడే. అదే త్రికోణం మళ్ళీ మళ్ళీ గీస్తూ. దాన్ని రాడార్‌లో చూసి ఒక విమానం వస్తుంది. అది వచ్చి దారి చూపించి దించుతుంది."

"ఎంతసేపు ఎదురుచూడాలి?"

"వచ్చేదాకా."

"రాకపోతే?"

మాస్టారు తెర వైపు చూశారు. కుర్రవాడు దాన్ని ఆపలేదు. పచ్చ త్రికోణం అలాగే వెలుగుతోంది. "ఇంధనం ఉన్నంతసేపూ గీస్తుంది. మరీ అడుగంటాక మబ్బులోకి దిగుతుంది. దక్షిణానికి ఎక్కడికీ వెళ్ళలేదమ్మా తను. అక్కడే ఉంది. ఆ త్రికోణం కిందే వెతకండి."

ఆమె పక్కనున్న అతనితో ఏదో అంది. అతను ఫోన్ తీసుకుని బయటికి పరిగెత్తాడు. ఆమె గొంతు తగ్గించింది. "ఇంధనం నిండుగా ఉంది. పక్క దేశం దాకా వెళ్ళినా అక్కడ మబ్బు లేదు. పగటి వెలుగులో దిగిపోవచ్చు. ఆ పద్ధతి రద్దయింది కాబట్టి ఇక ఎవరూ రారని ఆమెకు తెలిసి ఉంటే వెళ్ళేదా?"

"వెళ్ళేది."

"తెలియదా ఆమెకి?"

"తెలియదు" అన్నారు మాస్టారు. "నాకు తెలుసు. వస్తారనే చెప్పాను."

అల్లుడి చెయ్యి ఆయన చేతిలోంచి మెల్లగా జారిపోయింది. విదిలించుకోలేదు. అలా చేసి ఉంటే బాగుండేది.

ఇంటికి తిరిగొచ్చే దారిలో అల్లుడు కారు నడిపాడు. గేటు దగ్గర దింపి వెళ్ళిపోయాడు. జరిగిందంతా భార్యకు మాస్టారే చెప్పారు, ఏమీ దాచకుండా. ఆవిడ విని, తలుపు వేసుకుని పడుకుంది. మర్నాడు కంచంలో అన్నం పెట్టింది, ముఖం చూడకుండా. ఆయన తిన్నారు. తినకపోతే ఇంకో గొడవ.

టీవీలు మాట మార్చేశాయి. నిన్నటిదాకా తిట్టిన నోళ్ళే వీరనారి అన్నాయి. సెలూన్ లావుపాటి మనిషి ఎవరినో అడిగి ఇల్లు కనుక్కుని వచ్చి, గేటు బయట నిలబడి, "తప్పయిందండీ" అని వెళ్ళాడు. మాస్టారికి అతని మీద కోపం రాలేదు. కోపం అంతా ఇప్పుడు ఒక్క మనిషికే సరిపోతోంది.

ఓడ ఉత్తరానికి తిరిగింది. కొన్నాళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం అల్లుడు వచ్చాడు. గడ్డం మాసి ఉంది. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"దొరికింది" అన్నాడు. "త్రికోణం గీసిన చోటే, తీరానికి దగ్గర్లోనే. ముక్కలవకుండా నీళ్ళ అడుక్కి దిగిపోయిందట, అంతా అక్కడే ఉందట. అందరూ."

భార్య గోడకు ఆనుకుని కూలబడింది. అల్లుడు వెళ్ళి ఆవిడ పక్కన నేల మీదే కూర్చుని భుజం పట్టుకున్నాడు. మాస్టారు కుర్చీలోంచి లేవలేదు. ఆ ఇద్దరి మధ్యకీ వెళ్ళే హక్కు తనకు లేదనుకున్నారు.

ఆవిడకు మంచినీళ్ళు తాగించి అల్లుడు లేచాడు. హాలు దాటి వచ్చి మాస్టారి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తిట్టడానికి వచ్చాడనే అనుకున్నారాయన. తిట్టించుకోవడానికి సిద్ధంగానే ఉన్నారు.

"మామయ్యా, నాకు ఒక్కటే కావాలి. మీకైతే తెలుస్తుంది" అన్నాడు. "అంతసేపు అలా తిరుగుతున్నప్పుడు... భయపడి ఉంటుందా తను?"

మాస్టారు అబద్ధం కోసం వెతికారు. అక్కర్లేకపోయింది.

"లేదురా" అన్నారు. "ఆఖరి దాకా భయపడి ఉండదు. నేనొస్తాననుకుని ఉంటుంది."